ఏమన్నా పనుందా?

మొన్న శనివారం పొద్దున రాయదుర్గం బస్సులో కండక్టరు నా సీటు దగ్గర ఆగాడు. టికెట్టు మిషన్ మీద వేలు పెట్టి కూడా నొక్కలేదు. "ఏం మేడమ్, మీ పెద్దమ్మ యాడ? రెండు శనివారాలాయ, బస్సులో కనపడల్యా" అన్నాడు.

"చనిపోయిందప్పా. ఈరోజుకి పదో దినం" అన్నాను.

అతను మిషన్ కిందికి దించాడు. "ఆ డ్రైవరు ఎనకమాల కిటికీ సీటులో ఎవురన్నా కూచ్చుంటే ఆమె కోసరమని నేనే లేపుతాంటి" అన్నాడు. ఇంతలో వెనక నుంచి ఎవరో టికెట్టు కోసం కేకేశారు. అతను వెళ్ళిపోయాడు. నాకు మాత్రం కూర్చోబుద్ధి కాలేదు. నేను దిగాల్సిన ఊరు ఇంకా రాలేదు. అయినా ముందు స్టాపులోనే దిగి, బడిదాకా నడిచి పోయాను. ఎండ అప్పుడే నెత్తికెక్కింది. ఆలస్యమైనందుకు హెడ్మాస్టరు చేత నాలుగు మాటలు పడ్డాను. ఆరోజు పిల్లలకు ఏం పాఠం చెప్పానో నాకే తెలియదు.

ఆమె నాకు చుట్టమేమీ కాదు. కళ్యాణదుర్గంలో మా ఇంటికి మూడిళ్ళ అవతల ఉండేది. అరవై ఐదు దాటి ఉంటాయి. వీధంతా పెద్దమ్మా అనే పిలిచేది. ఊరి బయట చెనక్కాయ పండే భూమి ఉంది, కొడుకుకు ఎరువుల అంగడి ఉంది. ఎన్నికలొస్తే అతను ఓ నాయకుడి జీపులో కూడా కనిపిస్తాడు. అట్లాంటి ఇల్లు వాళ్ళది.

ఆమె గురించి ముందుగా చెప్పాల్సింది, ఆమెకు కూర్చోవడం రాదని. కూర్చున్నా ఒక కాలు మడిచి, ఇంకో కాలు కిందికి వేలాడేసి, ఎవరో పిలిచారని లేవబోతున్నట్టే ఉండేది. కాఫీ నిలబడే తాగేది. మనం చెప్పే కథ కాస్త సాగితే "సరే, తర్వాత?" అని కొంగు నడుముకు దోపేది. ఆ కొంగు దోపిందంటే మన కథ అయిపోయినట్టే. ఎదురింటి కుక్కరు కూతలు తను లెక్కపెట్టి, "మూడైనాయమ్మే, దించుకో" అని ఇక్కడినుంచే కేకేసేది. కాలుగాలిన పిల్లి అని నేను వెనకాల నవ్వేదాన్ని. ఒకసారి ముఖం మీదే అన్నాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. "కూచ్చుంటే కాళ్ళకు నిద్ర పడ్తాది టీచరమ్మా. ఒగసారి నిద్రపోయిన కాళ్ళు మళ్ళా లేయవు" అంది.

ఇంత కాలు నిలవని మనిషి నలభై ఏళ్ళు పైగా ఆ ఇంట్లోనే తిరిగింది. పెళ్ళికో, తిరనాళ్ళకో, ఆసుపత్రికో పోయినా ఎవరి జీపులోనో మధ్యలో కూర్చుని పోయింది. కిటికీ పక్కన ఎప్పుడూ మొగవాళ్ళో, వాంతులయ్యే పిల్లలో ఉండేవాళ్ళంట. ఆమే చెప్పింది.

తర్వాత ఆడవాళ్ళకు బస్సు ఉచితమైంది. ఆధార్ కార్డు చూపిస్తే చాలు, ఎక్కడికైనా పోవచ్చు. ఛార్జీ కోసం ఇంట్లో చేయి చాపే పని తప్పింది. ఇంక మిగిలింది ఒక్కటే, ఎందుకు పోతున్నావో చెప్పడం. ఆ ఇంట్లో గడప దాటేవాళ్ళను "యాడికి? ఏం పని?" అని అడగడం ఆనవాయితీ. అందులో అనుమానం ఉండదు, కోపమూ ఉండదు. తుమ్మితే చిరంజీవ అన్నట్టు నోటికొచ్చే మాట. కానీ దానికి జవాబు ఉండాలి. పనుంటే ఆ ఇంటి ఆడమనిషి ఢిల్లీకైనా పోవచ్చు. పని లేకపోతే పక్కింటికి పోవడం కూడా తప్పే.

అందుకని శుక్రవారం సాయంత్రం గుడ్డసంచి చంకన పెట్టుకుని మా గేటు దగ్గర నిలబడేది. లోపలికి రమ్మంటే వచ్చేది కాదు.

"రేపు బస్సుకు పోతాండా టీచరమ్మా. ఏమన్నా పనుందా?"

పని ఉండకుండా ఎట్లా ఉంటుంది? ఒకరికి చీరకు ఫాల్ కావాలి. ఒకరికి రవిక గుడ్డ. ఒకరి కూతురు ధర్మవరంలో కాపురం ఉంటుంది, దానికి ఊరగాయ అందించాలి. ఒకసారి నేను మిక్సీ జారుకు వాషరు కావాలన్నాను. మా బజారులో పది అడుగులు వేస్తే దొరికే వస్తువు. "అనంతపురంలో అయితే గట్టిది దొరుకుతాది" అని పోయి తెచ్చింది. ఇంకోసారి ఎదురింటామె పూజకు మల్లెపూలు అంటే ఏకంగా కదిరికి పోయింది. పొద్దున మొదటి బస్సుకు పోయి సాయంత్రం దీపాల వేళకు వచ్చింది. పూలు సగం వాడిపోయాయి. ఆమె మాత్రం వాడిపోలేదు.

రవిక గుడ్డల విషయంలో ఆమెకు ఒక లోపం ఉండేది. ఎప్పుడూ ఒక రంగు తేడా తెచ్చేది. ఆకుపచ్చకు చిలకపచ్చ తెచ్చేది. వంకాయరంగుకు నేరేడు రంగు తెచ్చేది. చీర పక్కన పెట్టి చూసి, "అయ్యో, కలవల్యా! ఏమీ అనుకోవద్దు, వచ్చే శనివారం పోయి మార్చుకొస్తా" అనేది. మార్చుకొచ్చింది కూడా ఒక్కోసారి కలిసేది కాదు. పాపం చూపు తగ్గుతోంది అనుకున్నాను. అనుకుని ఊరుకున్నా బాగుండేది.

నాకు ఊరుకోవడం రాదు. పాతికేళ్ళుగా పిల్లల్ని వరసలో నిలబెట్టిన అలవాటు. ఎవరైనా కష్టపడుతున్నారనిపిస్తే వాళ్ళు అడగకపోయినా సరిచేసి పెట్టాలి. మా ఆయన దీనికి ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావిడి అని పేరు పెట్టాడు. ఆ మాటకు నేను ఆయనతో పోట్లాడాను కానీ, ఈ కథలో ఆయన చెప్పిందే నిజం.

ఒక శనివారం నేను ఎక్కిన బస్సులోనే ఆమె ముందు సీటులో ఉంది. నన్ను చూడలేదు. నేను వెనక నిలబడి ఆమెను చూస్తున్నాను. కిటికీ అద్దం పూర్తిగా తోసేసి, ముఖమంతా గాలికి పెట్టింది. జుట్టు చెదిరిపోతోంది, కొంగు ఎగురుతోంది, పట్టించుకోవడం లేదు. ఒళ్ళో పొట్లంలో బొరుగులు. డ్రైవరు ఏదో డబడబలాడే సినిమా పాట పెట్టాడు. దానికి ఆమె చెప్పు తాళం వేస్తోంది. బయట గట్టు మీద గాలిమరలు వరసగా తిరుగుతున్నాయి. అవతలి వరసలో ఉన్న చిన్నపిల్లతో, "చూడు పాపా, ఆ మూడోది శానా సోమరిది. నేను ఎప్పుడు చూసినా నిలబడే ఉంటాది. లెయ్యే, లెయ్" అంటోంది. ఆ పిల్ల పడీ పడీ నవ్వుతోంది. ఈమె అంతకంటే ఎక్కువ నవ్వుతోంది.

నేను పోయి పక్కన కూర్చున్నాను. అంతే. కొంగు భుజం మీదికి వచ్చింది, పొట్లం సంచిలోకి పోయింది, ముఖం వేలాడింది. "అబ్బ, నడుములు పోతాండాయి టీచరమ్మా. ఏం చేద్దాం, పనులు" అంది.

ముప్పై మంది పిల్లల్లో ఎవడు అబద్ధం చెప్తున్నాడో ముఖం చూసి పట్టేస్తానని నాకు గర్వం. అట్లాంటిదాన్ని, ఆ నవ్వే ముఖం వదిలేసి ఈ వేలాడే ముఖాన్ని నమ్మాను.

మరునాడు కూరగాయల బండి దగ్గర నలుగురు ఆడవాళ్ళను ఆపి క్లాసు తీసుకున్నాను. "అంత పెద్దావిడతో ఊరూరా మూట మోయిస్తున్నాం, మనకు సిగ్గుండాలి. కంటిచూపు తగ్గింది, రంగులు కూడా పోల్చుకోలేకపోతోంది, నడుము నొప్పి అంటోంది. ఏం కావాలన్నా నాకు చెప్పండి. మా అక్క కొడుకు అనంతపురం నుంచి వారం వారం వస్తాడు, వాడు తెస్తాడు. మిగతావి ఫోనులో తెప్పించుకుందాం." వాళ్ళూ మంచివాళ్ళే. తలలు వంచుకున్నారు. "నిజమే టీచరమ్మా, మాకు తోచల్యా" అన్నారు. ఆ పూట వంట చేస్తున్నంత సేపూ నన్ను నేనే మెచ్చుకున్నాను.

తర్వాతి శుక్రవారం ఆమె సంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. అందరూ ఒకే మాట. "ఏమీ లేదు పెద్దమ్మా. మీరు ఇంట్లో సుఖంగా ఉండండి." ఎంత ప్రేమగా చెప్పారో. ఆమె ఆ వీధి చివరిదాకా పోయి ఖాళీ సంచితో వచ్చింది.

అట్లా ఐదు శనివారాలు. మొదటి శనివారం ఆమె వాకిలి మూడుసార్లు ఊడ్చిన చప్పుడు వినిపించింది. రెండోసారి పాత బొంత కుట్లన్నీ విప్పి మళ్ళీ కుట్టింది. ఆ తర్వాత నీళ్ళ ట్యాంకుదాకా నడవడం, రావడం, మళ్ళీ పోవడం. కుక్కరు కూతలు లెక్కపెట్టడం మానేసింది. కోడలిని ఎప్పుడూ మాట అనని మనిషి, పులుసులో ఉప్పు ఎక్కువైందని అన్నం తట్ట పక్కకు తోసిందంట. కోడలే మా ఇంటికి వచ్చి, "మా అత్తకు ఏమైందో తెలీదక్కా, ఇంట్లో నిలవలేకపోతాంది" అంది. నేనేమన్నానో తెలుసా? "విశ్రాంతి అలవాటు లేని శరీరం, నాలుగు రోజులు పోతే సర్దుకుంటుందిలే" అన్నాను.

ఆరో శుక్రవారం మళ్ళీ మా గేటు దగ్గరికి వచ్చింది. ఈసారి "రేపు బస్సుకు పోతాండా" అనలేదు. ఉత్త "ఏమన్నా పనుందా?" అంది. నేను లేదన్నాను. అక్కడితో ఆగకుండా, ఈ వయసులో ఒంటిని ఎట్లా చూసుకోవాలో కూడా చెప్పాను. ఆమె గేటు కమ్మీ పట్టుకుని విన్నది. సగంలో కొంగు దోపుతుందేమో అనుకున్నాను. దోపలేదు.

"నేను తెచ్చింది బాగల్యా టీచరమ్మా?" అంది.

"అయ్యో, అదేం మాట పెద్దమ్మా. మీకు కష్టమని నేనే అందరికీ చెప్పాను."

"నువ్వు చెప్పినావా?"

"అవును. రంగులు కూడా సరిగ్గా కనపడటం లేదు కదా మీకు."

ఆమె నన్ను అట్లాగే చూసింది. కోపమొస్తుందనుకున్నాను, రాలేదు. అలసట వచ్చింది. నిజమైన అలసట ఎట్లా ఉంటుందో ఆ ముఖంలో అప్పుడు చూశాను. "నేను చెనక్కాయ విత్తనం చేత్తో పట్టుకుని మంచిదీ చెడ్డదీ ఏరినదాన్ని. ఆకుపచ్చకూ చిలకపచ్చకూ తేడా తెలీదా నాకు? ఆ గుడ్డ కలిసిపోతే మళ్ళా శనివారం ఏమని పోయేది?" అంది. సంచి మడుచుకుంటూ, "పనిల్యాకుండా యాడికి పోతానని చెప్పల్ల ఇంట్లో?" అంది.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. కాదు, చెంప మీద కొట్టినా బాగుండేది. ఐదు వారాలు ఆమె గేటుకు నేను తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని, అది ఉపకారమని వీధంతా చెప్పుకున్నాను. మంచికి పోతే చెడు ఎదురవడమంటారు. ఇక్కడ మంచికి పోయింది నేను, చెడు ఎదురైంది ఆమెకు.

"ఉంది, ఉంది పెద్దమ్మా, పనుంది" అన్నాను. గబగబా లోపలికి పోయి, చేతికి దొరికిన రవిక తెచ్చిచ్చాను. "దీనికి కలిసే లైనింగు గుడ్డ కావాలి."

ఆమె దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. ముఖంలో ఏదో కదిలింది. "ఇది పసుపు. కలిసేది దొరకడం శానా కష్టం" అంది. సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

వీధివాళ్ళకు నేను నిజం చెప్పలేదు. పెద్దమ్మను డాక్టరు తిరుగుతూ ఉండమన్నాడు, పనులు చెప్పండి అన్నాను. పనులు మళ్ళీ వచ్చాయి. నెలలో రెండో శనివారం నాకు సెలవు. ఒకసారి ఆమె వెంట నేనూ రాయదుర్గం పోయాను. నాకు ఆ పసుపు గుడ్డ ఎన్ని అంగళ్ళు తిరిగి వెతుకుతుందో చూడాలని. బస్టాండు ఎదురుగా ఉన్న మొదటి అంగట్లోకి పోయి, అడిగి, లేదనిపించుకుని, రెండు నిమిషాల్లో బయటికి వచ్చింది. "అయింది పని" అంది.

తర్వాత మూడు గంటలు మేము బస్టాండు దాటలేదు. ఉగ్గాని బజ్జీ తిన్నాం, నిలబడే. నేను బెంచీ మీద కూర్చుంటే ఆమె ఒక్కో బస్సు ముందుకూ పోయి బోర్డు చదువుతోంది. మూడో తరగతి చదివిన మనిషి, అక్షరం అక్షరం కూడబలుక్కుని. బళ్ళారి నుంచి వచ్చిన కన్నడ బస్సులనూ వదల్లేదు. వేలితో గాల్లో గీస్తూ, "ఇది బ. ఇది ళ్ళా. మన అక్షరాల మాదిరే ఉండాయి, తలకట్టు ఒగటే వేరే. ఈడ నిలబడి నిలబడి నేనే నేర్చుకుంటి" అంది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, ఎవరికీ చెప్పలేదు. వక్కాకు నములుతున్న ఓ కన్నడ డ్రైవరు ఆమెను చూసి, "ఎల్లిగమ్మా?" అన్నాడు. ఎక్కడికి అని.

"యాడికీ ల్యా. చదువుతాండా" అంది.

అతను నవ్వి పోయాడు. ఆమె అటు తిరిగి ఇంకో బస్సు దగ్గరికి నడిచింది. వచ్చేటప్పుడు బస్సులో నేను అడగకపోయినా ఒక మాట చెప్పింది. "ఆ మాట ఇంట్లో అనేదానికి నాకు నోరు రాదు టీచరమ్మా. యాడికీ ల్యా అని. ఆ డ్రైవరుతో ఎంత బాగ అనేస్తి చూడు." అని కిటికీ వైపు తిరిగిపోయింది.

తర్వాత ఆమెకు ఇంకో ఏడు శనివారాలు దొరికాయి. నేను లెక్కపెట్టాను. లెక్కపెట్టకుండా ఎట్లా ఉంటాను, ఐదు తీసేసుకున్నది నేనే కదా. ఒక గురువారం పొద్దున కాఫీకి నీళ్ళు పెట్టి, పొయ్యి దగ్గర నిలబడి ఉన్న మనిషి నిలబడినట్టే ఒరిగిపోయిందంట. గుండె అన్నారు.

శనివారం కండక్టరు అడిగిన మాట మనసులో మెదులుతుండగానే, ఆదివారం పదకొండో దినానికి పోయాను. షామియానా వేశారు. అంగడివాళ్ళు, నాయకుడి మనుషులు, చుట్టాలు. ఫోటోకు దండ. ఆ ఫోటోలో ఆమె కుర్చీలో కూర్చుని ఉంది, ఎవరో బలవంతాన కూర్చోబెట్టినట్టు. నాకు అక్కడ ఒకచోట ఉండబుద్ధి కాలేదు. లోపలికి పోయాను, బయటికి వచ్చాను, నీళ్ళు తాగాను, మళ్ళీ తాగాను.

కొడుకు నలుగురు పెద్దమనుషుల మధ్య నిలబడి చెప్తున్నాడు. "మా అమ్మ ఒగ దినం సుఖపడల్యా అన్నా. వీధి పనులన్నీ నెత్తినేసుకుని బస్సులెంబడి తిరిగింది. ఆ తిరుగుడే ఆమెను తినేసింది." కళ్ళు తుడుచుకుంటున్నాడు. అబద్ధం ఆడటం లేదు, నిజంగానే ఏడుస్తున్నాడు. పెద్దమనుషులు తలలూపారు. ఒకాయన, "త్యాగమూర్తి" అన్నాడు.

నేను ఊరుకుని ఉండాల్సింది. ఆమె అంత జాగ్రత్తగా దాచుకున్నదాన్ని బయట పెట్టడానికి నేనెవర్ని? ఒకసారి నోరు పారేసుకుని ఐదు వారాలు తినేశాను, చాలదా? అయినా, ఆ త్యాగమూర్తి అనే మాటను అక్కడ వదిలేసి వస్తే, బస్సులో నవ్విన ఆ మనిషిని ఇంక ఎవరూ చూసి ఉండనట్టే అవుతుంది.

"లేదప్పా" అన్నాను. "మీ అమ్మ సుఖపడింది. ఆ పనులన్నీ సాకు. ఆమెకు ఊరికే బస్సెక్కి తిరగడమంటే ఇష్టం. కిటికీ పక్కన కూర్చుని పాటలు వినేది, బొరుగులు తినేది, బోర్డులు చదివేది. నేను చూశాను."

ఒకాయన గొంతు సవరించుకున్నాడు. కొడుకు ముఖం ఎర్రబడింది. "మా అమ్మ అట్ల పనీపాటా ల్యాకుండా తిరిగే మనిషి కాదు మేడమ్" అని, నన్ను దాటుకుని వంటల వైపు పోయాడు.

భోజనం చేశాననిపించుకుని లేచాను. గేటు దగ్గర చెప్పులు వేసుకుంటుంటే వెనకాల అతను వచ్చి నిలబడ్డాడు.

"బస్సులో నవ్వుతాండెనా మేడమ్?" అన్నాడు.

"పడీ పడీ నవ్వేది."

"మరి నాకెందుకు చెప్పల్యా? తిరగల్ల అని నన్నొగ మాట అడిగింటే పంపించనా నేను? కారిచ్చి పంపిస్తాంటి కదా."

అతని కళ్ళు మళ్ళీ తడిగా ఉన్నాయి. ఏదో ఒకటి చెప్పి ఓదార్చి రావచ్చు. నేను అట్లా చేయలేదు.

"పంపించేవాడివేనప్పా" అన్నాను. "నిన్ను అడగకుండా పోవాలనే ఆమె ఆశ."